రెండో తొమ్మిది

తాటిగెడ్డవలస సోములుకు కోపం వస్తే రైళ్ళు ఆగిపోతాయని చీపురుపల్లి చుట్టుపక్కల ఒక వాడుక. ఒకసారి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద పల్లీలమ్మే మనిషితో ఆయన తగువుకు దిగితే, ఆ కేకలకు పాసింజరు బండి డ్రైవరు ముందేదో ప్రమాదం జరిగిందనుకుని బండిని ఊరి బయటే ఆపేశాడట. సోములు గొంతు తగ్గాకే సిగ్నలు పచ్చగా మారిందట. నమ్మనివాళ్ళు ఆ డ్రైవర్నే అడగొచ్చు. కాకపోతే ఆయన రిటైరై బరంపురం వెళ్ళిపోయాడు, అడ్రసు ఎవరి దగ్గరా లేదు.

అంత కోపం మోసే మనిషి చూడ్డానికి తాటాకు ఈనెలా ఉంటాడు. కాస్త వరి, మెట్టలో గోగు, రెండు గేదెలు, అదీ ఆయన సంసారం. ఛాతీ మీద మాత్రం అరచేయంత గుండ్రటి నల్లటి కాయ ఉంటుంది. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు తప్పెటను మెడకు తగిలించుకుని గుండె మీదే వాయిస్తారు. చిన్నప్పట్నుంచీ అది రాసుకుని రాసుకుని కట్టిన కాయ. శ్రీకాకుళంలో ఎక్స్‌రే తీస్తే గుండె ఉండాల్సిన చోట ఇంకో తప్పెట కనిపించిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఇది కొంచెం పెంచి చెప్పడమే. గుండె కూడా ఉంది.

ఆయన కోపమంతా ఒక అంకె మీద. తొమ్మిది.

ఆ ఇంట్లో ఆ అంకె పలకరు. ఆయన భార్య ఈశ్వరి పిడకలు లెక్కపెడితే ఎనిమిది తర్వాత ఒకసారి దగ్గి పదికి వెళ్ళిపోతుంది. చీపురుపల్లి బజారులో కిరాణా కొట్టు భీమశంకరరావుకు ఈ సంగతి తెలుసు. సోములు గుమ్మంలో కనబడితే చాలు, గుడ్లు ఎన్ని ఇవ్వమంటావు, ఒక తొమ్మిదా, రెండు తొమ్మిదులా అని అడుగుతాడు. సోములు గుడ్లు కొనకుండా వెళ్ళిపోతాడు. అలా ఆయన ఒంట్లో బలం తగ్గింది గానీ పట్టు తగ్గలేదు.

ఈ పగ అర్థం కావాలంటే కొండ దరువు సంగతి తెలియాలి.

తాటిగెడ్డ అని ఒక సెలయేరు ఉంది. దానికి ఇటు సోములు ఊరు, అటు ఈశ్వరి పుట్టిన ఊరు. రెండు ఊళ్ళకూ కలిపి ఒకే తప్పెటగుళ్ళ బృందం. ఇటువాళ్ళు ఒక వరస, అటువాళ్ళు ఒక వరస. కొండ దరువులో రెండు వరసలూ ఎదురెదురు దిక్కుల నుంచి వచ్చి ఒకదాని పక్కగా ఒకటి జరుగుతాయి. మొదట ఇటు ముందువాడికి అటు ముందువాడు ఎదురుపడతాడు. ఒక్క జత, ఒక్క దెబ్బ. ఒక అడుగు జరిగితే రెండు జతలు ఎదురవుతాయి, అందరూ కలిసి రెండు దెబ్బలు. అలా మూడు, నాలుగు అని పెరుగుతూ పెరుగుతూ వరసలు పూర్తిగా ఎదురెదురు నిలిచేసరికి తొమ్మిది. అక్కణ్ణుంచి వరసలు ఒకదాన్నొకటి దాటిపోతుంటే ఎనిమిది, ఏడు అని దిగుతూ చివరకు ఇటు కొసవాడూ అటు కొసవాడూ మిగిలి ఒక్క దెబ్బ. కొండెక్కి దిగినట్టు ఉంటుంది. ఆ దరువు వింటే గెడ్డలో నీళ్ళు కూడా ఎగువకు ఎక్కి మళ్ళీ దిగేవని అంటారు. వంతెన కట్టిన ఇంజనీరు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఈ దరువు నేర్పింది సోములు తండ్రి పైడయ్య. ఆయన గురువు. ఆయన పెట్టిన కట్టుబాట్లు రెండు. ఒకటి, దరువు కళ్ళు మూసుకుని వేయాలి. చూసి లెక్కపెట్టుకోవడం నామోషీ. రెండోది ఇంకా పాతది, ఆయన తాతల నాటిది: గురువును లెక్కపెట్టకూడదు. ఎంతమంది వస్తున్నారని జాతర పెద్దలు అడిగితే, ఇటు తొమ్మిది, అటు తొమ్మిది, పైన గురువు అని చెప్పాలి. గురువును అంకెల్లోకి దించితే ఆయుష్షు తరుగుతుందని భయం. అందుకని పైడయ్య బతికినన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆయన మాత్రం తన ఊరి వరస కొసన నిలబడి, అందరికంటే గట్టిగా వాయించేవాడు.

పైడయ్య పోయాక మొదలైంది రభస. సోములు చెవుల్లో తండ్రి దరువు ఉంది: కొండ మీద తొమ్మిది రెండుసార్లు. ఎక్కి ఒక తొమ్మిది, దిగేముందు ఇంకో తొమ్మిది. అటు వరస పెద్ద నూకయ్య. ఈశ్వరికి స్వయానా అన్న. అతను సాధకం చేసేటప్పుడు కళ్ళు తెరిచి చూశాడు. తొమ్మిది జతలు ఒక్కసారే ఎదురుపడుతున్నాయి. ఇంకేముంది, తొమ్మిది ఒక్కసారే వేయాలని తన వరసకు చెప్పేశాడు. కళ్ళు తెరిచినందుకే సోములు వారం రోజులు మాట్లాడలేదు.

కళింగపట్నంలో సముద్రం ఒడ్డున ఏదో ఉత్సవమైతే ఈ బృందాన్ని పిలిచారు. కొండ బాగానే ఎక్కారు. పైకెళ్ళాక ఇటు వరస రెండో తొమ్మిది అందుకుంది, అటు వరస ఎనిమిదిలోకి దిగింది. రెండు దరువులూ కొమ్ములు పెట్టుకుని కుమ్ముకున్నాయి. చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక ముసలమ్మ, మా పడవ ఇంజనే ఇంతకంటే తిన్నగా కొట్టుకుంటాదని అనేసరికి ఒడ్డంతా నవ్వు. ఆ నవ్వులో నూకయ్య నోరు జారాడు.

"మీ నాన్నకి ముసిల్తనంలో లెక్క తప్పినాది బావా. నువ్వా తప్పునే పట్టుకుని యేలాడతన్నావు."

సోములు కాళ్ళ గజ్జెలు విప్పి సముద్రంలోకి విసిరేశాడు. వాటిని మింగిన చేప ఒకటి ఇప్పటికీ ఆ తీరంలో ఘల్లుఘల్లుమంటూ తిరుగుతోందని, వలలో పడినా చప్పుడు చేసి మిగతా చేపల్ని లేపుతోందని అక్కడివాళ్ళ ఫిర్యాదు. ఆ రోజు విడిపోయిన వరసలు మళ్ళీ కలవలేదు. చెరో వరసా చెరో ఊళ్ళో చిన్నాచితకా దరువులు వేసుకుంటోంది. కొండ దరువుకు రెండు వరసలు కావాలి గనక అది ఎవరికీ లేకుండా పోయింది.

సోములుకు కావలసింది ఒక్కటే. తండ్రికి లెక్క తప్పలేదని నూకయ్య నోటితో అనాలి. ఆ దరువు మళ్ళీ మోగాలి, రెండు తొమ్మిదులతోనే మోగాలి. అప్పటిదాకా గెడ్డ దాటకూడదని ఆయన ఈశ్వరికి హుకుం జారీ చేశాడు. ఆవిడ కోపం ఇంకో రకం, దానికి చప్పుడు ఉండదు. గెడ్డలో బట్టలుతుకుతూ అవతల పుట్టింటి పెంకులు చూస్తుంది. తర్వాత భర్త పంచెను బండకేసి ఎలా బాదుతుందంటే, ఏడాదికి నాలుగు పంచెలు చిరిగేవి.

అలాంటి రోజుల్లో భీమశంకరరావు కొట్టులో ఒక వీడియో మోగింది.

నూకయ్య కూతురు సుహాసిని శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరరు. గణిత దినోత్సవానికి ఆమె చేసిన ప్రసంగం ఫోన్లలో తిరుగుతోంది. మా ఊళ్ళో ఒక దరువు ఉంది, దాని దెబ్బల్ని వరసగా రాస్తే ఒక పెద్ద సంఖ్య వస్తుందంటూ బోర్డు మీద రాసింది: 12345678987654321. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే, ఇలాంటివాటిని పాలిండ్రోములంటారు అంది. పదిహేడు అంకెలున్న ఈ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు, కానీ వర్గ సంఖ్య. తొమ్మిది ఒకట్లు పక్కపక్కన రాసి దాన్ని దానితోనే గుణిస్తే సరిగ్గా ఇదే వస్తుంది. అంకెలన్నీ కూడితే ఎనభై ఒకటి, అదీ తొమ్మిది తొమ్మిదులే. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. కొందరు నడుమ తొమ్మిదిని రెండుసార్లు వేస్తారు, అప్పుడు అంకెలు పద్దెనిమిది అవుతాయి, సరి సంఖ్యలో అంకెలున్న ఏ పాలిండ్రోమైనా పదకొండుతో నిశ్శేషంగా తెగిపోతుంది, పైగా అది వర్గ సంఖ్య కాదు అని కూడా అంది.

భీమశంకరరావు ఫోను సోములు చెవి దగ్గరకు తెచ్చి, చివరి ముక్క రెండుసార్లు వినిపించాడు. తర్వాత మెత్తగా, మీ నాన్న దరువు పదకొండుకే తెగిపోయిందటయ్యా, మీ బావది వర్గమట అన్నాడు. ఆ మాటకు కొట్టులో తక్కెడ పళ్ళేలు కదిలాయి. ఎలక్ట్రానిక్ తక్కెడకు పళ్ళేలు ఉండవని ఎవరైనా అంటే, పక్క కొట్లోవి కదిలాయని చెప్పుకోవచ్చు.

సోములు ఇంటికెళ్ళి అటక మీద నుంచి తండ్రి తప్పెట దించాడు. భుజాన వేసుకుని శ్రీకాకుళం బస్సెక్కాడు. నాగావళి వంతెన దాటేదాకా ఆయన పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు, బస్సు నిండిపోయినా సరే.

లెక్చరర్ల గదిలో సుహాసిని ఒక్కతే ఉంది. మేనత్త మొగుడు తప్పెటతో గుమ్మంలో నిలబడితే మర్యాదగా లేచింది. ఆయన కూర్చోలేదు.

"మా నాన్న దరువు పనికిమాల్నదని ఊరూవాడా సాటింపేస్తన్నావంట గుంటా. ఎవుడు సెప్పినాడు నీకు? మీ బాబేనా?"

"పనికిమాల్నదని నానెప్పుడన్నాను మావా. వర్గ సంఖ్య కాదన్నాను, అంతే. అది తిట్టు కాదు."

తిట్టు కాకపోతే అంతమంది ఎందుకు నవ్వారని ఆయన అడిగాడు. నవ్వలేదు, చప్పట్లు కొట్టారని ఆమె చెప్పింది. మీ నాన్న అంకెకు కొట్టారు గదా, మా నాన్న అంకెకు ఎవరు కొట్టారు అని ఆయన బల్ల మీద చేత్తో చరిచాడు. సుహాసినికీ మండింది. అటూ ఇటూ మాటలు పెరిగాయి. లెక్కకు అటు పక్షం ఇటు పక్షం ఉండదని, కావాలంటే చూడమని సుద్దముక్కల పెట్టె బల్ల మీద బోర్లించింది. తొమ్మిది ముక్కలు ఒక వరస, తొమ్మిది ముక్కలు ఒక వరస పేర్చింది. ఒక్కో ఒకటీ ఒక్కో మనిషి అనుకోమంది. రెండు వరసల్నీ ఒక్కో జాగా జరుపుతూ పోయింది. ఒక జత, రెండు జతలు, అలా తొమ్మిది. ఇంకో జాగా జరిపితే ఎనిమిది.

"తొమ్మిది ఒక్కసారే వచ్చినాది కదా మావా. వరసలు జరిపితే వచ్చే లెక్కే ఆ గుణకారం."

తండ్రి దరువును ఒక సుద్దముక్క కాదనడం సోములు భరించలేకపోయాడు. ఇదంతా మీ బాబు నేర్పి పంపిన గారడీ అన్నాడు. అన్నీ ఎవరెవరో తెలియకుండా పేర్చితే దరువెలా వస్తుంది, మనుషులకు పేర్లుండవా అన్నాడు. ఆమె చేతిలోంచి ముక్కలు లాక్కుని తన ఊరి వరస తానే పేర్చడం మొదలెట్టాడు, ఒక్కో ముక్కనూ బల్లకేసి కొడుతూ. వీడు పోలయ్య, వీడు గురుగులు, ఇది నేను, ఇది గవరయ్య. అలా ఊరంతా పేర్చి, చివర బల్ల మీద మిగిలిన పొడుగాటి ముక్క తీసి కొసన పెట్టాడు. ఇది మా నాన్న.

తర్వాత కళ్ళు మూసుకోలేదు. ఒక చేత్తో వరస జరుపుతూ, ఇంకో చేత్తో తప్పెట మీద కొడుతూ పోయాడు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. ముందున్న పోలయ్య అవతలి వరస దాటి బయటపడ్డాడు. అదే అడుగులో కొసనున్న పొడుగాటి ముక్క లోపలికి వచ్చింది. మళ్ళీ తొమ్మిది.

"ఇదిగో, సూడు," అన్నాడు సోములు, గెలిచినవాడి గొంతుతో. "రెండో తొమ్మిది. ఇప్పుడు సెప్పు, లెక్క ఎవుడికి తప్పినాది?"

సుహాసిని ముక్కల వైపే చూస్తోంది. కాగితం తీసుకుని ఏదో గుణించింది. ఆ కాగితం ఆయన వైపు తిప్పింది. తొమ్మిది ఒకట్లను పది ఒకట్లతో గుణిస్తే 123456789987654321. నడుమ రెండు తొమ్మిదులు.

"నీ వరసలో పదిమంది ఉన్నారు మావా."

"తొమ్మిదే. గురువుని లెక్కెట్టకూడదు."

"మీరు లెక్కెట్టలేదు. దరువు లెక్కెట్టుకున్నాది."

సోములు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం ఆ కాలేజీ కట్టిన తర్వాత జరిగిన పెద్ద విశేషాల్లో ఒకటి, వాళ్ళకు తెలియదు గానీ. తండ్రికి లెక్క తప్పలేదు. నూకయ్య కళ్ళు చూసిందీ తప్పు కాదు. అతను చూసేనాటికి కొస ఖాళీ అయిపోయింది. పోయిన మనిషి వేయాల్సిన తొమ్మిదిని ఆ రోజు కళింగపట్నంలో సోములు తన వరస చేత బలవంతంగా వేయించాడు. ఆ పొడుగాటి ముక్కను జేబులో వేసుకున్నాడు. చెప్పకుండా బయటికి వచ్చేశాడు.

తిరుగు బస్సులో ఎవరితోనూ తగువు పడలేదు. కండక్టరుకు కంగారు పుట్టి ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగోలేదు. లోపల కోపం అలాగే ఉంది, ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు. కొంత ఆ కట్టుబాటు పెట్టిన తాతల మీద పెట్టాడు. కొంత చచ్చేదాకా ఒక్క మాట చెప్పని తండ్రి మీద. మిగిలిందంతా తన మీదే పెట్టుకోవలసి వచ్చింది, అది బాగా బరువనిపించింది. అందుకని గెడ్డ దగ్గర దిగేసరికి దాన్ని మళ్ళీ నూకయ్య మీదకు మార్చాడు. లెక్క తప్పిందన్న మాట నూకయ్యే కదా అన్నది.

నేరుగా అవతలి ఊరికి నడిస్తే, నూకయ్య వాకిట్లో ఈశ్వరి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా చీర తడిసి ఉంది. సోములు తప్పెట భుజానేసుకుని మేనకోడలి మీదకు పోట్లాటకు వెళ్ళాడని భీమశంకరరావు కబురు చెప్పగానే, ఆవిడ వంతెన దాకా కూడా వెళ్ళకుండా గెడ్డకు అడ్డంపడి వచ్చేసింది.

"గెడ్డ దాటినావేటి," అన్నాడు సోములు.

"దాటినాను. ఏటి సేత్తావు, రైలాపుతావా?"

సోములు జేబులోంచి సుద్దముక్క తీసి నూకయ్య ముందు అరుగు మీద పెట్టాడు. ఏం జరిగిందో అరుస్తూనే చెప్పాడు. నూకయ్య మొదట్లో అడ్డం వచ్చాడు, తర్వాత అడ్డం రావడం మానేశాడు. అతనికీ కళ్ళ ముందు ఆ పాత వరస కదిలినట్టుంది. పైడయ్య ఎప్పుడూ తనకు ఎదురు కొసన ఉండేవాడు. దరువు చివరి ఒక్క దెబ్బకూ మిగిలేది ఆయనా తనూ. ఆ మనిషిని ఎన్నోసార్లు ఎదురుగా చూసి, ఒక్కసారీ లెక్కలో వేయలేదు.

"మావకి లెక్క తప్పలేదు బావా," అన్నాడు నూకయ్య. "ఆ మాట నాను అనకుండా ఉండాల్సింది."

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది. అక్కడితో చేతులు పట్టుకుని ఏడ్చి ఉంటారని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకు ఈ ఇద్దరి సంగతీ తెలియదన్నమాట. మరో తగువు మొదలైంది. కొసన ఎవరు నిలబడాలి? సోములు కొసకు వెళ్తే ఆయన జాగా ఖాళీ అవుతుంది, మళ్ళీ తొమ్మిదే. తన ఊరి నుంచి ఒకణ్ణి ఇస్తానన్నాడు నూకయ్య. గురువు జాగాలో అవతలి ఊరివాడేమిటని సోములు గయ్యిమన్నాడు. అయితే నీ ఊళ్ళో తప్పెట పట్టగలిగిన పదోవాడు ఎవడున్నాడో చూపించమన్నాడు నూకయ్య. ఎవడూ లేడు. గొంతులు చూరు తాకాయి. ఆ మాటకు ఈ మాటకు మళ్ళీ కళింగపట్నం దాకా వెళ్ళిపోయేవారే.

ఈశ్వరి ముందుకొచ్చి భర్త భుజాన ఉన్న మామగారి తప్పెట లాగేసుకుంది.

"కొసన నాను నిలబడతాను."

ఆడది తప్పెట కట్టడం ఈ రెండు ఊళ్ళలోనూ లేదని సోములు అన్నాడు. నూకయ్య కూడా, అదొక్కటీ నిజమేనమ్మా అన్నాడు. ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఒక్కటైపోవడం చూసి ఆవిడ గొంతు మొదటిసారి లేచింది.

"మీరు కళ్ళు మూసుకుని నేర్సుకున్నారు. నాను పొయ్యి కాణ్ణుంచి కళ్ళు తెరుసుకుని నేర్సుకున్నాను. మీ రెండో తొమ్మిదికి నా పుట్టిల్లు పోయినాది. ఇప్పుడది నానే యేత్తాను. నన్ను లెక్కెట్టొద్దు. ఎలాగూ మీకలవాటే."

తప్పెట మెడకు తగిలించుకుంది.

పొద్దు వాలకముందే గెడ్డ దాటి సోములు ఊరి నుంచి పోలయ్య మొదలు అందరూ వచ్చారు. నూర్పిడి కళ్ళంలో రెండు వరసలూ నిలిచాయి. సోములు తన పాత జాగాలో నిలబడ్డాడు, నూకయ్య ఇంట్లో దొరికిన తప్పెటతో. ఈశ్వరి కొసన. కళ్ళు మూయొద్దని సోములే చెప్పాడు.

ఒకటి. రెండు. వరసలు ఒకదానిలోకి ఒకటి జరుగుతూ వచ్చాయి. తొమ్మిది మోగింది. పోలయ్య అవతలకు జారిపోయాడు, కొసనున్న ఈశ్వరి లోపలికి అడుగేసింది. ఒక్క క్షణం అందరి చేతులూ తటపటాయించాయి. ఈశ్వరి చెయ్యి తటపటాయించలేదు. ఆమె వెనకే అందరూ అందుకున్నారు. రెండో తొమ్మిది ఎంత గట్టిగా మోగిందంటే కళ్ళం పక్క గడ్డిమేటు నడుమ నుంచి విచ్చుకుంది. మోపు సరిగ్గా కట్టక విచ్చుకుందని పోలయ్య అంటాడు, అతనికి కొంచెం అసూయ. తర్వాత ఎనిమిది, ఏడు అని కొండ దిగి, చివర అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా మిగిలారు. ఒక్క దెబ్బ.

సోములు చెమట తుడుచుకుంటూ, దిగేటప్పుడు ఆరు దగ్గర ఎవరో తొందరపడ్డారని, వాడెవడో తనకు తెలుసునని, మళ్ళీ మొదట్నుంచి వేయాలని కసురుకున్నాడు. ఇంతలో వంటింట్లోంచి నూకయ్య భార్య నీలవేణి, ఎంతమందికి బియ్యం పొయ్యాలని కేకేసింది.

"ఇటు తొమ్మిది, అటు తొమ్మిది," అన్నాడు నూకయ్య అలవాటుగా. "పద్దెనిమిది మందికి పొయ్యి."

సోములు గిరుక్కున తిరిగాడు. మొహం జేవురించి ఉంది.

"పంతొమ్మిది," అన్నాడు. "లెక్క రాదేటి నీకు?"